వయోలా, చెల్లో, డబుల్ బాస్: మంద్ర వాద్యాలకు శ్రుతి కట్టడం

వయొలిన్‌కి శ్రుతి చేసుకోవడం వచ్చినవాళ్లకు వయోలా పెద్ద పని కాదు. చెల్లో కాస్త సమయం అడుగుతుంది. డబుల్ బాస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అప్పటిదాకా నమ్ముకున్న చెవి, ఫోన్‌లోని ట్యూనర్ రెండూ మొరాయిస్తాయి. కారణం మామూలుదే. స్వరం ఎంత కిందికి దిగితే, అందులో చిన్న తేడాలు పట్టుకోవడం మన చెవికి అంత కష్టం. చిన్న మైకులకైతే 41 హెర్ట్జ్ ధ్వని దాదాపు వినపడనే వినపడదు. అందుకే ఈ మూడు వాద్యాలకూ పద్ధతి ఒకటి కాదు. వయోలాకు ఖాళీ తీగలను (వేలు పెట్టని తీగలను) జంటగా లాగి వినాలి. చెల్లోకి ఖాళీ తీగలతో పాటు, తీగను నొక్కకుండా వేలితో తాకి పలికించే హార్మోనిక్‌లు కూడా కావాలి. బాస్‌కు దాదాపు అంతా హార్మోనిక్‌ల మీదే నడవాలి.

స్వరాల పేర్లు ఇక్కడ పాశ్చాత్య పద్ధతిలోనే రాస్తున్నాం, తీగల ప్యాకెట్ల మీద ఉండేవి అవే. పక్కనున్న అంకె స్థాయిని (ఆక్టేవ్‌ను) చెబుతుంది. 'ఏ' తీగ, 'ఈ' తీగ అన్నచోట ఏ, ఈ కూడా స్వరాల పేర్లే. పియానో మీది నడిమి సి అంటే సి4. వయొలిన్ అడుగు తీగ జి3. కిందివి లావు తీగ నుంచి సన్న తీగకు, కుండలీకరణాల్లో హెర్ట్జ్‌లు:

వయోలా: సి3 (130.8), జి3 (196.0), డి4 (293.7), ఏ4 (440)
చెల్లో: సి2 (65.4), జి2 (98.0), డి3 (146.8), ఏ3 (220)
డబుల్ బాస్: ఈ1 (41.2), ఏ1 (55.0), డి2 (73.4), జి2 (98.0)

వయోలాలో మూడు తీగలు వయొలిన్‌వే. పైనున్న 'ఈ' తీగ పోయి అడుగున సి వచ్చి చేరింది. చెల్లో అచ్చంగా వయోలాయే, ఒక స్థాయి కిందికి. ఈ రెండింటిలోనూ పక్కపక్క తీగల మధ్య దూరం స నుంచి ప (పంచమం). బాస్‌లో మాత్రం స నుంచి శుద్ధ మ (మధ్యమం). చెల్లో రెండో లావు తీగ, బాస్ అన్నిటికన్నా సన్న తీగ ఒకే స్వరం, జి2. ఈ రెండు వాద్యాలూ కలిసి వాయించేచోట ఆ ఒక్క తీగను సరిచూసుకుంటే సగం గొడవ తీరుతుంది.

ఇంకో సంగతి. బాస్ నొటేషన్ చదివేటప్పుడు కాగితం మీది స్వరానికి ఒక స్థాయి కింద మోగుతుంది. కాగితం మీది స్థాయినే ట్యూనర్‌లో వెతికితే తీగ తెగేదాకా బిగించే ప్రమాదం ఉంది.

బాస్ ఒక్కటే ఎందుకు విడిపోయింది

దీనికి జవాబు చేతి వేళ్లలో ఉంది. నట్ (బిరడాల దగ్గర తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జి (డొక్క మీద తీగలను ఎత్తి పట్టే చెక్క) దాకా మోగే తీగ పొడవు వయోలాలో సుమారు 38 సెంటీమీటర్లు, చెల్లోలో 69, బాస్‌లో 105 దాకా ఉంటుంది. మొదటి స్థానంలో, అంటే ఎడమ చెయ్యి నట్ దగ్గర ఉన్నప్పుడు, చూపుడు వేలు నట్ నుంచి ఒక పూర్తి స్వరం (రెండు అర్ధస్వరాలు; పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరం ఒక అర్ధస్వరం) పైన ఉంటుంది. అక్కడి నుంచి చిటికెన వేలు ఎంతవరకు అందుతుందో లెక్క వేయండి. వయోలాలో ఖాళీ తీగకు పంచమం పూర్తయ్యే దాకా, అంటే చూపుడు వేలి నుంచి అయిదు అర్ధస్వరాలు పైకి చాపాలంటే 8.5 సెంటీమీటర్లు. చెల్లోలో మూడు అర్ధస్వరాలకే దాదాపు 10. బాస్‌లో రెండు అర్ధస్వరాలకే 10 దాటుతుంది. చెయ్యి అదే, దూరాలే పెరిగాయి.

చెల్లోలో ఖాళీ సి, ఆ పైన చూపుడు వేలితో డి, మూడో వేలితో ఈ, చిటికెన వేలితో ఎఫ్ అయిపోగానే తర్వాతి ఖాళీ తీగ జి అందుకుంటుంది. చెయ్యి కదలక్కర్లేదు. బాస్‌లో ఒక్కో తీగ మీద అందేవి ఖాళీ స్వరం, చూపుడు వేలు, చిటికెన వేలు, అంతే. ఈ, ఎఫ్ షార్ప్, జి షార్ప్ (షార్ప్ అంటే అర్ధస్వరం పైన) అయ్యాక తర్వాతి తీగ ఏ సిద్ధంగా ఉండాలి. మధ్యమం దూరంలో కడితేనే ఇది కుదురుతుంది. పంచమం దూరంలో కట్టిన బాస్‌లూ ఉన్నాయి, వాటి సంగతి తర్వాత. వాటి మీద ప్రతి తీగకూ చెయ్యి జరుగుతూనే ఉండాలి.

వయోలా కథ వేరు. వయొలిన్ కన్నా పంచమం కిందికి దిగుతుంది కాబట్టి లెక్క ప్రకారం దాని డొక్క వయొలిన్‌కి ఒకటిన్నర రెట్లు, అంటే 53 సెంటీమీటర్ల దాకా ఉండాలి. అంతటి వాద్యాన్ని గడ్డం కింద పెట్టుకోవడం అసాధ్యం. అందుకే 38 నుంచి 42 సెంటీమీటర్ల మధ్య రాజీ పడ్డారు. సి తీగ లావుగా, కొంచెం బద్ధకంగా పలకడం, ముక్కుతో పలికినట్టుండే ఆ గొంతు, ఆ రాజీ ఫలితమే. దాన్ని సరిచేయాలని తీగలు మరీ బిగువైనవి ఎక్కిస్తే గొంతు మూసుకుపోతుంది.

శ్రుతి మొదలుపెట్టే ముందు

వాద్యాన్ని పెట్టెలోంచి తీసి గది వేడికి అలవాటు పడనివ్వండి, పావుగంట చాలు. తర్వాత బ్రిడ్జిని పక్క నుంచి చూడండి. టెయిల్‌పీస్ (కింది చివర తీగలను పట్టి ఉంచే ముక్క) వైపున్న ముఖం డొక్కకు నిటారుగా ఉండాలి. బిరడాలు బిగించినకొద్దీ తీగలు బ్రిడ్జి తలను ఫింగర్‌బోర్డ్ (వేళ్లు నొక్కే పలక) వైపు లాగుతాయి. రోజూ కొంచెం కొంచెంగా ఒరిగి, ఒకరోజు ఫట్‌మని పడిపోతుంది. పడితే డొక్క పగలొచ్చు, సౌండ్‌పోస్ట్ (డొక్క లోపల నిలబడే చిన్న కర్ర) కూడా జారిపోవచ్చు. ఒరిగి ఉంటే తీగలు కాస్త వదులు చేసి, రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడు వేళ్లతో బ్రిడ్జి పై అంచును పట్టుకుని వెంట్రుకవాసి చొప్పున వెనక్కి లాగండి. పాదాలు కదలకూడదు.

బిరడాలు వయోలా, చెల్లోలలో కర్రవి, రాపిడి మీదే నిలబడతాయి. తిప్పేటప్పుడే లోపలికి నొక్కుతూ తిప్పాలి. తిప్పేశాక నొక్కితే స్వరం కదిలిపోతుంది. ఎప్పుడూ ముందు కొంచెం వదులు చేసి, కింది నుంచి పైకి వచ్చి స్వరం దగ్గర ఆగండి. పై నుంచి దిగి ఆగిన తీగ నట్ గాడిలో బిగువు దాచుకుని, రెండు నిమిషాల వాయింపులో జారుతుంది. బాస్‌కు పళ్ల చక్రాల బిరడాలు. వాటిలో కొంత ఖాళీ కదలిక ఉంటుంది, అందుకే అక్కడ ఈ నియమం మరీ ముఖ్యం. స్వరం దాటిపోతే బాగా కిందికి దించి మళ్లీ ఎక్కండి.

ముందునుంచి చూస్తే, వాద్యం తల పైన ఉండగా, లావు తీగ బిరడా ఎడమవైపు కింద, దాని పైన రెండో లావు తీగ, కుడివైపు పైన మూడోది, కుడివైపు కింద సన్న తీగ. మూడు వాద్యాల్లోనూ ఇదే వరస. తొందరలో పక్క తీగ బిరడాను తిప్పేసి తెంపుకోవడం కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు.

వయోలా

'ఏ' తీగతో మొదలు. ట్యూనింగ్ ఫోర్క్ గాని, ట్యూనర్ గాని 440 ఇస్తుంది. యూరప్‌లో చాలా ఆర్కెస్ట్రాలు 442, 443 వాడతాయి. బరోక్ (పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల) సంగీతానికి 415 వాడుక. మీరు ఎవరితో వాయిస్తున్నారో వాళ్ల ఏ మీద స్థిరపడండి.

తర్వాత ఏ, డి తీగలను కమానుతో కలిపి లాగండి. బరువు వేయకుండా, పొడవుగా. స, ప సరిగ్గా కలిస్తే రెండు తీగలు ఒక్క గొంతులా నిలుస్తాయి. కలవకపోతే ధ్వని పెరుగుతూ తరుగుతూ ఊగుతుంది. భౌతికశాస్త్రం పుస్తకాల్లో వీటినే విస్పందనాలు అంటారు. స్వరం దగ్గరపడేకొద్దీ ఆ ఊపు నెమ్మదిస్తుంది, చివరికి ఆగుతుంది. చాలామందికి ఊపు వినిపిస్తుంది గాని డి తీగ ఎక్కువగా ఉందా తక్కువగా ఉందా తేలదు. దానికో చిట్కా ఉంది. నట్‌కి అవతల, బిరడాల పెట్టెలో ఉన్న తీగ ముక్కను వేలితో మెల్లగా నొక్కండి. అలా నొక్కితే స్వరం కొంచెం పెరుగుతుంది. ఊపు నెమ్మదిస్తే తీగ తక్కువగా ఉందన్నమాట, వేగం పెరిగితే ఎక్కువగా ఉందన్నమాట.

అదే విధంగా డితో జి, జితో సి. సి తీగ అయ్యాక మళ్లీ ఏ దగ్గరికి వచ్చి చూడండి. ఒక తీగ బిగిస్తే బ్రిడ్జి మీద, డొక్క మీద బరువు పెరిగి మిగతావి కొంచెం దిగుతాయి. అన్నీ బాగా దిగిపోయి ఉన్న వాద్యానికి మూడు చుట్లు తిరగక తప్పదు. ఫైన్ ట్యూనర్లు (స్వరాన్ని కొద్దికొద్దిగా సవరించే చిన్న మరలు) ఉంటే వాటి మరను సగంలో ఉంచుకుని మొదలుపెట్టండి. పూర్తిగా కిందికి దిగిన మర కింది లీవరు డొక్కను గీస్తుంది.

స్వచ్ఛమైన పంచమాలు తెచ్చే చిక్కు

ఇక్కడ కొంచెం ఆగాలి. ఊపు పూర్తిగా ఆగేలా కట్టిన పంచమం 3:2 నిష్పత్తి. పియానో మీది పంచమం దానికన్నా 2 సెంట్లు ఇరుకు (అర్ధస్వరాన్ని 100 భాగాలు చేస్తే ఒక భాగం ఒక సెంటు). ఏ నుంచి సి దాకా మూడు పంచమాలు దిగుతాం కాబట్టి, స్వచ్ఛంగా కట్టిన సి తీగ పియానో సి కన్నా దాదాపు 6 సెంట్లు తక్కువగా ఉంటుంది. ఒక్కరే వాయిస్తే ఇది పట్టించుకోనక్కర్లేదు. పియానో పక్కన మాత్రం ఖాళీ సి దిగిపోయినట్టు తెలిసిపోతుంది.

నలుగురు కూర్చుని వాయించే క్వార్టెట్‌లో ఇది మరీ గట్టిగా వినిపిస్తుంది. వయోలా, చెల్లో సి తీగలు, పై వయొలిన్ ఖాళీ ఈ తీగ కలిసి మోగితే అది అంతర గాంధారంగా మధురంగా వినబడాలి. అన్ని పంచమాలూ స్వచ్ఛంగా కట్టి ఉంటే ఆ 'ఈ' తీగ 21.5 సెంట్లు ఎక్కువగా, చెవిని గుచ్చినట్టు ఉంటుంది. అందుకే అనుభవం ఉన్న వయోలా, చెల్లో వాద్యకారులు పంచమాలను కావాలనే పిసరంత ఇరుకు చేసి, సిని కొంచెం పైన నిలబెడతారు.

ఎంత ఇరుకు? పియానోతో సరిపోవాలంటే ఊపు లెక్కతో కట్టొచ్చు. వయోలాలో ఏ, డి కలిపి లాగినప్పుడు సెకనుకు సుమారు ఒక ఊపు, డి, జి మధ్య మూడు సెకన్లకు రెండు, జి, సి మధ్య రెండుంబావు సెకన్లకు ఒకటి. చెల్లోలో ఇవి సగం వేగంతో వస్తాయి: ఏ, డి మధ్య రెండు సెకన్లకు ఒకటి, డి, జి మధ్య మూడు సెకన్లకు ఒకటి, జి, సి మధ్య నాలుగున్నర సెకన్లకు ఒకటి. ముందు ఊపు లేకుండా కట్టి, తర్వాత కింది తీగను వెంట్రుకవాసి పెంచి ఆ వేగం తెచ్చుకోండి. కింది తీగను తగ్గించి తెచ్చుకున్నా ఊపు వస్తుంది, కానీ పంచమం వెడల్పయి పని చెడుతుంది.

చెల్లో

పద్ధతి ఇదే. జి, సి తీగలు లావైనవి, ఖాళీగా లాగితే ఊపు మసకగా వినిపిస్తుంది. ఇక్కడ హార్మోనిక్‌లు సాయం చేస్తాయి. తీగను నొక్కకుండా వేలితో తాకి లాగితే వచ్చే పిల్లనగ్రోవి లాంటి స్వరం అది. తీగ సగం పొడవులో తాకితే ఒక స్థాయి పైన, మూడో వంతులో తాకితే ఒక స్థాయీ పంచమమూ పైన మోగుతుంది. అందువల్ల పంచమం దూరంలో ఉన్న రెండు తీగల మీద, పై తీగను సగంలో, కింది తీగను మూడో వంతులో తాకితే రెండూ ఒకే స్వరం పలకాలి.

ఏ తీగను నట్ నుంచి 34.5 సెంటీమీటర్ల దగ్గర, డి తీగను 23 సెంటీమీటర్ల దగ్గర తాకండి. రెండూ ఏ4. తర్వాత డి సగంలో, జి మూడో వంతులో, రెండూ డి4. చివరికి జి సగంలో, సి మూడో వంతులో, రెండూ జి3. ఒకే స్వరం పోల్చడం, పంచమం పోల్చడం కన్నా కొత్త చెవికి తేలిక. ఆర్కెస్ట్రాలో ఓబో (ఒక ఊదు వాద్యం) ఇచ్చే ఏ4 చెల్లో ఏ తీగకు ఒక స్థాయి పైన ఉంటుంది. దాన్ని కూడా ఏ తీగ సగం హార్మోనిక్‌తోనే పోల్చుకోండి. ఒక్క షరతు: ఇలా కట్టినవి స్వచ్ఛ పంచమాలే అవుతాయి. పియానోతో వాయించాలంటే పైన చెప్పిన సవరణ మిగిలే ఉంటుంది.

హార్మోనిక్ సరిపోయి, ఖాళీ తీగలు మాత్రం కలవకపోతే తప్పు చెవిది కాదు. తీగ పాతబడి, అరిగి, రోజిన్ (కమానుకు రాసే బంక) పేరుకుని మందం ఒక తీరున లేకుండా పోయిందని అర్థం. అలాంటి తీగను ఎంత శ్రుతి చేసినా వేళ్ల కింద స్వరాలు తప్పుతూనే ఉంటాయి. మార్చేయడమే మేలు.

డబుల్ బాస్

బాస్‌లో మధ్యమం దూరం కాబట్టి లెక్క మారుతుంది. కింది తీగను నాలుగో వంతులో తాకితే రెండు స్థాయిల పైన మోగుతుంది. పై తీగను మూడో వంతులో తాకితే అదే స్వరం. తీగ పొడవు 105 సెంటీమీటర్లయితే నట్ నుంచి 26, 35 సెంటీమీటర్ల దగ్గర ఆ బిందువులు దొరుకుతాయి. రెండింటి మధ్య 9 సెంటీమీటర్లే, చూపుడు వేలు, చిటికెన వేలు ఒకేసారి అందుకుంటాయి.

ముందు ఏ తీగను నాలుగో వంతులో తాకి ఏ3 తెచ్చుకుని, 220 దగ్గర నిలపండి. ఆ తర్వాత ఏ నాలుగో వంతు, డి మూడో వంతు: రెండూ ఏ3. డి నాలుగో వంతు, జి మూడో వంతు: రెండూ డి4. ఇక ఈ నాలుగో వంతు, ఏ మూడో వంతు: రెండూ ఈ3. కమానుతో రెండింటినీ గట్టిగా లాగి వేళ్లు తీసేయండి. బాస్ తీగలు కొంతసేపు మోగుతూనే ఉంటాయి, ఆ లోపు ఎడమ చెయ్యి బిరడా మీదికి వెళ్లిపోవచ్చు. ఈ పద్ధతిలో ఇదే పెద్ద సుఖం.

ఇలా కట్టిన జి తీగ పియానో కన్నా 4 సెంట్లు తక్కువగా నిలుస్తుంది. స్వచ్ఛంగా కట్టిన చెల్లో జి కూడా సరిగ్గా అంతే తక్కువ. కాబట్టి ఈ రెండు వాద్యాలకూ తమలో తమకు గొడవ లేదు. గొడవంతా పియానోతోనే.

ట్యూనర్ వాడితే బ్రిడ్జికి తగిలించే క్లిప్ రకం తీసుకోండి, అది ధ్వనిని గాలిలోంచి కాక కర్ర కంపనం నుంచి పట్టుకుంటుంది. అయినా 'ఈ' తీగ ఖాళీగా మోగినప్పుడు ముల్లు తడబడితే హార్మోనిక్‌నే చూపించండి. గట్టిగా మీటిన తీగ మొదటి క్షణంలో ఎక్కువగా మోగి తర్వాత దిగుతుంది. మీటి శ్రుతి చేసేవాళ్లు ఆ మొదటి క్షణాన్ని చూసి తీగను దించేస్తుంటారు. కమానుతో నిలకడగా లాగి చూడటం మంచిది.

మామూలు కన్నా వేరే శ్రుతులు

వీటి జోలికి వెళ్లేముందు ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. తీగ అదే, పొడవు అదే అయితే బిగువు స్వరం పౌనఃపున్యపు వర్గాన్ని బట్టి మారుతుంది. ఒక అర్ధస్వరం పెంచితే బిగువు 12 శాతం పెరుగుతుంది, పూర్తి స్వరం పెంచితే 26 శాతం. పంచమం దించితే 44 శాతమే మిగులుతుంది, ఒక స్థాయి దించితే నాలుగో వంతు. ఈ అంకెలు చూస్తే ఏ ప్రయోగం నిలుస్తుందో, ఏది నిలవదో ముందే తెలిసిపోతుంది.

వయొలిన్ తీగలనే పంచమం దించి వయోలా చేద్దామనుకుంటే సగం బిగువు కూడా ఉండదు, తీగ ఫింగర్‌బోర్డ్‌కి తగిలి గరగరలాడుతుంది. వయొలిన్ డొక్కకు సరిపడే సి తీగ విడిగా దొరుకుతుంది, అది ఎక్కించి మిగతా మూడు తీగలను పక్కకు జరపాలి. జి2, డి3, ఏ3, ఈ4గా, వయొలిన్‌కి ఒక స్థాయి కిందికి కట్టే తీగల సెట్లు కూడా ఉన్నాయి. అవి బాగా లావుగా ఉంటాయి కాబట్టి నట్, బ్రిడ్జి గాడులు వెడల్పు చేయించాలి. గాడిలో తీగ మందం సగానికి మించి మునగకూడదు. గొంతు ఆలస్యంగా పలుకుతుంది, కమాను నెమ్మదిగా లాగాలి. ఆ తీగల ధ్వనికి ఈ చిన్న డొక్క చాలదు, అది తెలిసే ఎక్కించండి.

బాస్ సోలో శ్రుతి ఎఫ్ షార్ప్1, బి1, ఈ2, ఏ2, అంటే మామూలు కన్నా పూర్తి స్వరం పైకి. బాస్ తీగ ఒక్కొక్కటి మామూలుగానే 25 నుంచి 30 కిలోల బిగువు మోస్తుంది. ఆర్కెస్ట్రా తీగలనే పైకి లాగితే డొక్క మీద మరో పాతిక ముప్పై కిలోలు అదనంగా పడతాయి. సోలో తీగలని సన్నవి వేరే ఉంటాయి, అవే వాడాలి. వాటిని తిరిగి ఆర్కెస్ట్రా శ్రుతికి దించితే వదులై బలం లేకుండా పలుకుతాయి. ఈ శ్రుతికి రాసిన నొటేషన్‌లో వేళ్లు మామూలుగానే పడతాయి, వినిపించేది మాత్రం పూర్తి స్వరం పైన.

ఈ1 కన్నా కిందికి దిగడానికి రెండు దారులు. ఒకటి అయిదో తీగ, సాధారణంగా బి0 (30.9 హెర్ట్జ్), కొందరు సి1. రెండోది ఫింగర్‌బోర్డ్‌ను వాద్యం తల మీదుగా పొడిగించి, ఈ తీగను సి1 దాకా దించే అమరిక. 105 సెంటీమీటర్ల తీగకు నాలుగు అర్ధస్వరాలు దిగాలంటే 27 సెంటీమీటర్ల పైన అదనపు పొడవు కావాలి. ఇందులో మూసే గేటు 'ఈ' స్వరం దగ్గర తీగను పట్టుకుంటుంది. గేటు మూసి ఉండగా బిరడా తిప్పితే తీగ అక్కడ రాపిడికి చిక్కుకుని, రెండు పక్కలా బిగువు తేడాగా ఉండిపోతుంది. గేటు తెరిచి తిప్పి, మూసి చూసుకోండి.

పంచమాల్లో కట్టిన బాస్ సి1, జి1, డి2, ఏ2, అంటే చెల్లోకి సరిగ్గా ఒక స్థాయి కింద. జాజ్ వాద్యకారుడు రెడ్ మిచెల్ ఇలాగే కట్టుకునేవాడు. మామూలు ఈ తీగను సికి దించితే బిగువు 63 శాతానికి పడిపోతుంది, జిని ఏకి లాగితే 26 శాతం పెరుగుతుంది. కాబట్టి ఈ శ్రుతికి ప్రత్యేకమైన సెట్టే కొనాలి. మోజార్ట్ కాలంలో వియన్నాలో అయిదు తీగల బాస్‌ను ఎఫ్1, ఏ1, డి2, ఎఫ్ షార్ప్2, ఏ2గా కట్టేవారు. పై నాలుగు తీగలను ఊరికే మీటినా డి మేజర్ (డి, ఎఫ్ షార్ప్, ఏ కలిసిన స్వరసమూహం) పలుకుతుంది.

ఒక్క రచన కోసమే తీగ మార్చడాన్ని స్కోర్డటూరా అంటారు. స్వరకర్త బాఖ్ అయిదో చెల్లో సూట్‌లో ఏ తీగ జికి దిగుతుంది. హంగరీ స్వరకర్త కొదాయ్ 1915 నాటి సోలో చెల్లో సొనాటాలో జి తీగ ఎఫ్ షార్ప్‌కి, సి తీగ బికి దిగుతాయి. మోజార్ట్ 1779 నాటి సింఫోనియా కన్చర్టాంటేలో వయోలా మొత్తం అర్ధస్వరం పైకి ఎక్కుతుంది, అందుకే ఆ గొంతు వయొలిన్ పక్కన వెలుగుతుంది. ఇలాంటి మార్పు వాయించే రోజున చేయకండి. ఒక తీగ దించితే మిగతావి పైకి జరుగుతాయి, అవన్నీ కుదురుకోవడానికి ఒక రాత్రి కావాలి. బాఖ్ సూట్ మామూలు శ్రుతిలోనూ వాయించవచ్చు, కానీ కొన్ని తంత్రులు కలిపి మోగించే చోట్ల స్వరాలు వదిలేయక తప్పదు.

తీగ మార్చడం

ఒకసారి ఒక్క తీగే. నాలుగూ ఒకేసారి విప్పితే బ్రిడ్జి పడుతుంది, లోపల కేవలం ఒత్తిడితో నిలబడిన సౌండ్‌పోస్ట్ కూడా పడిపోవచ్చు. దాన్ని నిలబెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. పాత తీగ తీశాక నట్ గాడిలో, బ్రిడ్జి గాడిలో మెత్తని పెన్సిల్‌తో రుద్దండి, ఆ గ్రాఫైట్ తీగను జారనిస్తుంది. కొత్త తీగ కొసను బిరడా రంధ్రంలో దూర్చి, మొదటి చుట్టు కొసను దాటాక వెనక్కి మళ్లించి దాని మీదుగా చుట్టండి. ఆ తర్వాత చుట్లు పెట్టె గోడ వైపు వరసగా పేరాలి. ఆఖరి చుట్టు గోడకు గట్టిగా ఒరిగితే బిరడా బిగుసుకుపోతుంది, దూరంగా ఉండిపోతే బిరడా బయటికి తోసుకొస్తుంది.

ఎక్కించేటప్పుడు స్థాయి చూసుకోండి. ట్యూనర్ 'జి' అని మాత్రమే చూపిస్తే అది ఏ జి అన్నది మీకే తెలియాలి. పక్క తీగతో పోల్చి వినండి. స్వరానికి రెండు మూడు స్వరాల కింద ఆగి, బ్రిడ్జి సరిచూసి, తర్వాత చివరి బిగింపు. ఉక్కు తీగలు కొన్ని గంటల్లో నిలబడతాయి, సింథటిక్‌వి రెండు మూడు రోజులు తీసుకుంటాయి, గట్ (జంతువుల పేగుతో చేసిన) తీగలు వారం దాకా దిగుతూనే ఉంటాయి.

వయోలా తీగలు కొనేటప్పుడు డొక్క పొడవు కాక మోగే పొడవు కొలిచి కొనండి. వయోలాకు ప్రామాణిక పొడవంటూ లేదు. పొట్టి వాద్యానికి పొడవు తీగ ఎక్కిస్తే లావు భాగం నట్ దాటి బిరడా మీదికి వస్తుంది, అక్కడ వంగి తెగుతుంది. బాస్ విషయంలో పేరు చూసి కంగారు పడకండి. పెద్దవాళ్లు వాయించే మామూలు బాస్‌నే 3/4 సైజు అంటారు, తీగలు కూడా దానికే కొనాలి.

ఎక్కువగా ఎదురయ్యే తిప్పలు

బిరడా తిప్పుతుంటే స్వరం కదలదు, ఒక్కసారిగా 'టిక్' అని గెంతుతుంది: తీగ నట్ గాడిలో చిక్కుకుంది. గ్రాఫైట్ పూయండి. అప్పటికీ మారకపోతే గాడి ఇరుకైంది, సరిచేయించాలి.

బిరడా జారుతుంది: గాలి పొడిబారి కర్ర కుంచించుకుపోయింది. పెట్టెలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంచండి. బిరడా తీసి, తాకిడి మరకలు మెరిసే చోట కాస్త సుద్ద రుద్దితే పట్టు వస్తుంది. తేమకాలంలో బిగుసుకుపోతే పొడి సబ్బు రుద్దండి. రెండు పనులూ చేసే బిరడా మందు కూడా దొరుకుతుంది, మేం దాన్నే సూచిస్తాం.

చెల్లోలో ఈ, ఎఫ్ షార్ప్ మధ్య ఎక్కడో ఒక స్వరం తడబడుతూ గొంతు పట్టేసినట్టు మోగుతుంది: ఇది శ్రుతి దోషం కాదు. ఆ స్వరం, డొక్క సహజ కంపనం ఒకేచోట పడి ఒకదాన్నొకటి లాగుతున్నాయి. దీన్నే వుల్ఫ్ నోట్ అంటారు. బ్రిడ్జికి, టెయిల్‌పీస్‌కి మధ్యనున్న జి లేదా సి తీగ ముక్క మీద చిన్న ఇత్తడి గొట్టం బిగించి, మిల్లీమీటరు మిల్లీమీటరు జరుపుతూ తడబాటు తగ్గే చోటు వెతకాలి. గొట్టం బిగించాక ఆ తీగ శ్రుతి కొంచెం మారుతుంది, మళ్లీ చూసుకోండి.

తీగ దించిన శ్రుతిలో గరగర వస్తుంది: బిగువు తగ్గి తీగ ఎక్కువ వెడల్పుగా ఊగుతోంది. చెల్లోలో ఫింగర్‌బోర్డ్ కొస దగ్గర ఏ తీగ కింద 5 నుంచి 5.5 మిల్లీమీటర్లు, సి తీగ కింద సుమారు 8 మిల్లీమీటర్లు ఖాళీ ఉండటం మామూలు. అంతకన్నా తక్కువుంటే ముందుగా దాన్నే అనుమానించండి. సరిపడా ఉండి కూడా గరగరలాడితే ఫైన్ ట్యూనర్ వదులైందేమో, ఎండ్‌పిన్ (చెల్లో నేల మీద ఆనే ఊచ) మర బిగిసి ఉందో లేదో చూడండి. బాస్‌లో అయితే పళ్ల చక్రాల మరలు ఒక్కొక్కటి వేలితో అదిమి పట్టుకుని అదే స్వరం మళ్లీ లాగితే ఏది మోగుతోందో దొరికిపోతుంది.